గేమ్‌ప్లే లైవ్‌స్ట్రీమ్ అంటే గేమ్ కనిపించాలి కదా! డెవలపర్లు ఎక్కడ తప్పుతున్నారు?

2020 మే 7. లాక్‌డౌన్ టైమ్. మన టైమ్ ప్రకారం రాత్రి 8:30కి ఎక్స్‌బాక్స్ వాళ్ళ ఆన్‌లైన్ షో. కొత్త కన్సోల్ గేమ్‌ప్లే మొదటిసారి చూపిస్తాం అని ముందు నుంచీ ఊరించారు. నేను, మా బ్యాచ్ అంతా వాట్సాప్ గ్రూప్‌లో కూర్చుని ఎదురుచూశాం. అందరూ వెయిట్ చేసింది అసాసిన్స్ క్రీడ్ వల్హాలా కోసం. చివరికి అది వచ్చింది. మబ్బులు, ఓడలు, గొడ్డలి తిప్పుతున్న వైకింగ్, కట్ మీద కట్. హెల్త్ బార్ లేదు, ఎవరో కంట్రోలర్ పట్టుకుని ఆడుతున్న ఫీల్ అస్సలు లేదు. ట్రైలర్ అయిపోయాక గ్రూప్‌లో పడ్డ మొదటి మెసేజ్: "ఇందులో గేమ్‌ప్లే ఎక్కడ రా?"

మేమే కాదు, ప్రపంచం మొత్తం అదే అడిగింది. అంచనాలు తప్పుగా పెంచేశాం అని ఎక్స్‌బాక్స్ మార్కెటింగ్ హెడ్ ఆరన్ గ్రీన్‌బర్గ్ ట్విట్టర్‌లో ఒప్పుకోవాల్సి వచ్చింది. నిజానికి ఆ ట్రైలర్‌కి వచ్చిన నష్టమేమీ లేదు, చూడ్డానికి బాగానే ఉంది. ప్రాబ్లమ్ అంతా "గేమ్‌ప్లే" అన్న ఒక్క పదంతోనే వచ్చింది. ఆ పేరుతో పిలిచి వేరేది వడ్డిస్తే, బిర్యానీ అని చెప్పి పులిహోర పెట్టినట్టే. పులిహోర ఎంత బాగున్నా తిట్లు తప్పవు.

ఇప్పుడు ఈ టాపిక్ ఎందుకంటే, మా ఇంజనీరింగ్ ఫ్రెండ్ ఒకడు ఇంకో ఇద్దరితో కలిసి గేమ్ చేస్తున్నాడు. తాడుతో ఆడే పజిల్ గేమ్. రెండేళ్ళ పని, జాబ్ చేసుకుంటూ రాత్రిళ్ళు కూర్చుని రాసిన కోడ్. స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లో డెమో పెట్టి, స్టోర్ పేజీలోనే లైవ్ ఇచ్చారు. నెక్స్ట్ ఫెస్ట్ రూల్ తెలుసు కదా: ఒక గేమ్ ఒక్కసారి మాత్రమే పాల్గొనాలి. వారం రోజులు, అంతే. మళ్ళీ ఫిబ్రవరిలో ట్రై చేద్దాం, జూన్‌లో చూద్దాం అంటే కుదరదు. ఆ స్ట్రీమ్‌కి చాట్ చూసుకునే డ్యూటీ నాది. అందుకే ఇంత దగ్గరగా చూసే ఛాన్స్ దొరికింది. ఆ రోజు ఏం జరిగిందో చెప్పే ముందు, బాగా చేసినవాళ్ళు ఎలా చేశారో చూద్దాం.

నా లెక్కలో బెస్ట్ ఎగ్జాంపుల్: జెల్డా

2023 మార్చి 28న నింటెండో "టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్" గేమ్‌ప్లే వీడియో వదిలింది. లైవ్ కాదు, ముందే రికార్డ్ చేసిందే. కానీ గేమ్‌ప్లే ఎలా చూపించాలి అనడానికి దీనికి మించిన పాఠం నేను చూడలేదు. ప్రొడ్యూసర్ ఐజీ ఔనుమా స్వయంగా కంట్రోలర్ పట్టుకుని పది పన్నెండు నిమిషాలు ఆడాడు.

అప్పటికి ఈ గేమ్ మీద అందరికీ ఒక్కటే డౌట్: ఇది పాత "బ్రెత్ ఆఫ్ ది వైల్డ్"కి డీఎల్‌సీ లాంటిదేనా? అదే మ్యాప్, అదే లింక్, పైగా 70 డాలర్లు. ఔనుమా ఈ డౌట్‌కి మాటలతో జవాబు చెప్పలేదు. నాలుగు కొత్త పవర్స్ తీసుకుని, ఒక్కోదానికి ఒక చిన్న సిచ్యువేషన్ పెట్టాడు.

ఆకాశం నుంచి ఒక బండరాయి కింద పడింది. రీకాల్ వాడగానే అది వచ్చిన దారినే వెనక్కి పైకి లేచింది, లింక్ దాని మీద నిలబడి ఆకాశంలో ఉన్న ద్వీపాల ఎత్తుకి వెళ్ళిపోయాడు. తర్వాత ఫైట్. చేతిలో ఉన్న ఎండు కర్రకి పక్కనున్న రాయి అతికించాడు, కర్ర కాస్తా సుత్తి అయింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, పాత గేమ్‌లో ఆయుధాలు ఊరికే విరిగిపోతాయని జనం ఏళ్ళ తరబడి తిట్టుకున్నారు. ఆ తిట్టు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే కొత్త మెకానిక్ పెట్టి చూపించాడు. తర్వాత దుంగలు, ఫ్యాన్లు కలిపి పడవ. తర్వాత గుహలో కప్పు లోంచి దూరి నేరుగా పైకి రావడం.

ప్రతి సీన్‌లో వరస ఒకటే. ముందు అడ్డంకి కనిపిస్తుంది. మనం మనసులో "ఇప్పుడేం చేస్తాడు" అనుకుంటాం. తర్వాత పవర్ వాడతాడు. ఫీచర్ లిస్ట్ చదివితే రాని కిక్ అక్కడ వస్తుంది, ఎందుకంటే చూసేవాడి బుర్ర కూడా ఆడుతోంది. కథ గురించి మాత్రం దాదాపు ఏమీ చెప్పలేదు. డీఎల్‌సీ గోల చాలావరకు ఆ రోజుతో చల్లారిపోయింది.

మా వాడి స్ట్రీమ్‌లో ఏం జరిగింది

మొదట లోగో. తర్వాత ఇంట్రో కట్‌సీన్, మూడు నిమిషాలు. తర్వాత మా వాడు సెట్టింగ్స్ మెనూ ఓపెన్ చేసి, రీమ్యాపింగ్ ఆప్షన్స్, కలర్‌బ్లైండ్ మోడ్, సబ్‌టైటిల్ సైజ్ అన్నీ చూపించాడు. వాడి బాధ నాకర్థమైంది, ఆ మెనూ రాయడానికి వాడికి నెల పట్టింది. మనం కష్టపడింది చూపించాలనిపిస్తుంది. కానీ చూసేవాడికి ఆ కష్టంతో పని లేదు. తర్వాత ట్యుటోరియల్: డబ్ల్యూ నొక్కితే ముందుకి, స్పేస్ నొక్కితే జంప్. తాడు స్క్రీన్ మీదకి వచ్చేసరికి పద్నాలుగో నిమిషం. తాడే కదా ఆ గేమ్! అప్పటికి చూస్తున్నవాళ్ళలో సగం మంది కూడా మిగల్లేదు.

ఇంకో విషయం. చాట్‌లో ఒకతను "కంట్రోలర్ సపోర్ట్ ఉందా" అని మూడుసార్లు అడిగాడు. నేను మా వాడికి డిస్కార్డ్‌లో పింగ్ చేశాను, వాడు ఫుల్‌స్క్రీన్‌లో ఆడుతున్నాడు కాబట్టి చూడలేదు. మూడోసారి తర్వాత అతను కనిపించలేదు. సపోర్ట్ ఉంది. అదే బాధ.

సినిమాకీ స్ట్రీమ్‌కీ తేడా ఇక్కడే. సినిమాకి అందరూ టైటిల్స్ టైమ్‌కి వస్తారు. స్ట్రీమ్‌కి ఒకడు రెండో నిమిషంలో వస్తాడు, ఇంకొకడు నలభయ్యో నిమిషంలో. స్టోర్ పేజీలో అయితే పక్క గేమ్ చూస్తూ యాక్సిడెంటల్‌గా క్లిక్ చేసి వస్తారు, చాలాసార్లు సౌండ్ లేకుండా. వచ్చిన అర నిమిషంలో "ఇందులో నేను చేసే పనేంటి" అని అర్థం కాకపోతే ట్యాబ్ క్లోజ్. అందుకే స్ట్రీమ్‌ని మొదలు, మధ్య, ముగింపు ఉన్న కథలా ప్లాన్ చేయకూడదు. ఆర్టీసీ సిటీ బస్‌లా ప్లాన్ చేయాలి, ఏ స్టాప్‌లో ఎక్కినా అర్థం కావాలి. అసలు మెకానిక్ ప్రతి రెండు మూడు నిమిషాలకి స్క్రీన్ మీద కనిపించాలి. కట్‌సీన్ ఉంటే స్కిప్ చేయండి, లేదా చాట్‌తో మాట్లాడే టైమ్‌గా వాడండి.

గడ్డి, వాన, కాన్ఫెట్టి: బిట్‌రేట్‌కి శత్రువులు

ఈ పార్ట్ నాకు చాలా ఇష్టం, కొంచెం లెక్కలు ఉంటాయి, ఓపిక పట్టండి.

ట్విచ్‌లో 1080పీ 60 ఫ్రేమ్స్‌కి మామూలుగా సజెస్ట్ చేసే బిట్‌రేట్ 6000 కేబీపీఎస్. అంటే సెకనుకి 60 లక్షల బిట్లు. వాటిని 60 ఫ్రేమ్స్‌కి పంచితే ఒక్కో ఫ్రేమ్‌కి లక్ష బిట్లు, అంటే దాదాపు 12.5 కేబీ. ఒక ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్‌లో 20 లక్షలకు పైగా పిక్సెల్స్ ఉంటాయి. అంటే పిక్సెల్‌కి 0.05 బిట్ కూడా రాదు. మీ వాట్సాప్ డీపీ కూడా ఇంతకంటే ఎక్కువ సైజ్ ఉంటుంది!

మరి వీడియో ఎలా వస్తోంది? ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమ్‌నీ కొత్తగా పంపదు. ముందు ఫ్రేమ్‌లో ఉన్న ముక్క ఎటు జరిగిందో చెప్పి, మిగిలిన తేడా మాత్రం పంపుతుంది. గోడ పక్కకి జరిగితే ఈజీ. కానీ గాలికి ఊగే గడ్డి, వాన చినుకులు, మంచు, నిప్పురవ్వలు, వీటిలో ప్రతి పిక్సెల్ దాని ఇష్టం వచ్చినట్టు కదులుతుంది. ఊహించడానికి ఏమీ ఉండదు, బిట్లు చాలవు, స్క్రీన్ మొత్తం చతురస్రపు ముక్కలుగా పగిలిపోతుంది. ఫిల్మ్ గ్రెయిన్ ఎఫెక్ట్ అయితే ఇంకా ఘోరం. అది స్క్రీన్ అంతటా ప్రతి ఫ్రేమ్‌లో కొత్త నాయిస్ వేస్తుంది. డెవలపర్ మానిటర్‌లో సినిమాలా కనిపించేది, మన ఫోన్‌లో బురదలా కనిపిస్తుంది.

కాబట్టి స్ట్రీమ్ బిల్డ్‌లో ఫిల్మ్ గ్రెయిన్, మోషన్ బ్లర్, కెమెరా షేక్ ఆఫ్ చేయడం లేదా తగ్గించడం మోసం కాదు, అవసరం. గేమ్‌లో ఎంత అందమైన వాన లెవెల్ ఉన్నా స్ట్రీమ్‌ని దానితో మొదలుపెట్టొద్దు. అప్‌లోడ్ తక్కువుంటే 1080పీ కోసం పట్టుబట్టకుండా 720పీ 60కి దిగండి. అదే 6000 కేబీపీఎస్‌లో పిక్సెల్‌కి రెండు రెట్ల కంటే ఎక్కువ బిట్లు దొరుకుతాయి. ఫాస్ట్ యాక్షన్ గేమ్‌కి క్లియర్‌గా ఉన్న 720పీ, పగిలిపోయిన 1080పీ కంటే ఎన్నో రెట్లు నయం. ఎన్‌విడియా కార్డ్ ఉంటే ఓబీఎస్‌లో ఎన్‌వెంక్ పెట్టుకోండి. ఆ పనికి కార్డ్‌లో వేరే హార్డ్‌వేర్ ఉంటుంది కాబట్టి గేమ్ ఫ్రేమ్ రేట్ పెద్దగా దెబ్బతినదు. గేమ్ ఆడే సీపీయూ మీదే ఎక్స్264 స్లో ప్రీసెట్ వేస్తే మాత్రం గేమే నత్తనడక నడుస్తుంది, చూసేవాళ్ళు "ఆప్టిమైజేషన్ లేదు" అని రాసిపారేస్తారు.

టెస్ట్ చేసేది మానిటర్‌లో కాదు, ఫోన్‌లో. పది వేల రూపాయల ఫోన్ తీసుకుని, మొబైల్ డేటాలో, అన్‌లిస్టెడ్ స్ట్రీమ్ చూడండి. హెచ్‌యూడీలో అక్షరాలు చదవగలిగితే ఓకే. చాలా గేమ్స్ ఇక్కడే ఫెయిల్ అవుతాయి. 27 ఇంచుల మానిటర్ ముందు కూర్చుని డిజైన్ చేసిన ఫాంట్, ఆరున్నర ఇంచుల స్క్రీన్‌లో చీమల బారులా ఉంటుంది.

మౌస్ కెమెరా సంగతి కూడా చెప్పాలి. ఆడేవాడికి ఎటు తిరుగుతున్నాడో ముందే తెలుసు, చూసేవాడికి తెలీదు. మనకి మామూలు టర్న్ అనిపించేది వాళ్ళకి తల తిరుగుడు. సెన్సిటివిటీ తగ్గించి, మెల్లగా తిప్పాలి. ఎఫ్‌పీఎస్ గేమ్ అయితే కంట్రోలర్‌తో ఆడితే కెమెరా స్మూత్‌గా ఉంటుంది. కానీ పీసీ జనం వెంటనే పట్టేసి వెక్కిరిస్తారు, ఆ రిస్క్ మీ ఇష్టం.

ఎవరు ఆడాలి, ఎవరు మాట్లాడాలి

ఇద్దరూ ఒకరే అయితే రెండూ చెడతాయి. 2014 ఈ3 నుంచి నింటెండో ట్రీహౌస్ లైవ్ చేసిన పద్ధతి సింపుల్: ఒకరు ఆడతారు, పక్కన గేమ్ తీసినవాళ్ళు కూర్చుని మాట్లాడతారు, అడిగేవాళ్ళు అడుగుతారు. ఆడేవాడు చచ్చినా ఫర్వాలేదు, మాట ఆగదు.

డెవలపర్ ఆడితే ఇంకో ప్రాబ్లమ్ ఉంది. తన గేమ్‌ని వేలసార్లు ఆడి ఉంటాడు కాబట్టి పజిల్ చూడకుండానే సాల్వ్ చేసేస్తాడు. చూసేవాడికి అక్కడ పజిల్ ఉందని కూడా తెలీదు. ఒక్క క్షణం ఆగి "ఆ తలుపు పైన ఉంది, నా తాడు అక్కడికి అందదు" అని పైకి అనాలి. ఒకసారి కావాలని తప్పు చేసినా మంచిదే, ఓడిపోతే ఏమవుతుందో కూడా గేమ్‌లో భాగమే కదా.

సౌండ్‌కి ఒక చిన్న సెట్టింగ్. ఓబీఎస్‌లో గేమ్ ఆడియోకి కంప్రెసర్ ఫిల్టర్ వేసి, డకింగ్ సోర్స్‌గా మైక్ పెట్టండి. మీరు మాట్లాడినప్పుడు గేమ్ సౌండ్ దానంతటదే తగ్గుతుంది. రెండు నిమిషాల పని, ఎవరూ చేయరు.

చాట్ విషయంలో డిలే మర్చిపోవద్దు. మీరు ప్రశ్న అడిగితే అది వాళ్ళకి చేరి, వాళ్ళు టైప్ చేసి, మీకు కనిపించేసరికి చాలా సెకన్లు పోతాయి. యూట్యూబ్‌లో లేటెన్సీ సెట్టింగ్ మూడు రకాలు: నార్మల్, లో, అల్ట్రా లో. చాట్‌తో ఆడించాలనుకుంటే లో అయినా పెట్టండి. "ఎడమకి వెళ్ళాలా కుడికి వెళ్ళాలా" అని అడిగి నోరు మూసుకుని ఎదురుచూడకుండా, అడిగేసి వేరే పని చేస్తూ ఉండాలి. చాట్ చూసే మనిషికి ఆడేవాళ్ళ చెవిలో మాట్లాడే లైన్ ఉండాలి. మెసేజ్ పింగ్ కాదు, వాయిస్. ఇది నేను అనుభవంతో చెప్తున్నా.

లైవ్‌కి బిల్డ్ రెడీ చేయడం

ఆఫీసులో క్లయింట్ డెమో ఇచ్చిన ఎవరికైనా ఇది తెలిసిందే. ముందు రోజు రాత్రి కమిట్ చేసిన "చిన్న ఫిక్స్" వల్లే డెమో పోతుంది. స్ట్రీమ్ కోసం వేరే బ్రాంచ్ తీసి, కనీసం రెండు మూడు రోజుల ముందు ఫ్రీజ్ చేయండి. చూపించే ప్రతి సీన్ మొదట్లో ఒక సేవ్ ఫైల్ ఉండాలి. క్రాష్ అయితే అర నిమిషంలో అదే చోట మళ్ళీ నిలబడాలి. ఓబీఎస్‌లో డిస్‌ప్లే క్యాప్చర్ వద్దు, గేమ్ క్యాప్చర్ పెట్టండి. లేకపోతే మీ హెచ్‌ఆర్ మెసేజ్, బ్యాంక్ మెయిల్ నోటిఫికేషన్ అన్నీ లైవ్‌లో వస్తాయి. క్రాష్ అయినప్పుడు చూపించడానికి ఒక స్టిల్ సీన్, దాని మీద మాట్లాడటానికి రెండు పాయింట్లు. అంతే.

షేడర్ కంపైల్ జెర్క్‌లు రాకుండా స్ట్రీమ్‌కి ముందు మొత్తం ఒకసారి ఆడి కాష్ నింపుకుంటారు చాలామంది. నేను కూడా అదే చేయమంటాను. కానీ కొన్నవాడికి మొదటి గంటలో ఆ జెర్క్‌లు వస్తాయని మీకు తెలిస్తే, రిలీజ్‌కి ముందు అది ఫిక్స్ చేయాల్సిన బాధ్యత మీదే. ఇక్కడి నుంచే అసలు సీరియస్ విషయం మొదలవుతుంది.

చూపించింది, అమ్మింది ఒకటేనా?

2018 ఆగస్ట్ 27న సీడీ ప్రాజెక్ట్ రెడ్ ట్విచ్‌లో సైబర్‌పంక్ 2077 గేమ్‌ప్లే 48 నిమిషాలు చూపించింది. ఇది ఫైనల్ కాదు అని స్క్రీన్ మీద రాసి కూడా పెట్టారు. అందులో మాంటిస్ బ్లేడ్స్‌తో గోడకి వేలాడటం ఉంది, ఫైనల్ గేమ్‌లో అది లేదు. ఇంతవరకూ నేను తప్పు పట్టను. డెవలప్‌మెంట్‌లో ఫీచర్లు పోతాయి, మన స్ప్రింట్స్‌లో కూడా రోజూ జరిగేదే.

నేను తప్పు పట్టేది రెండేళ్ళ తర్వాత జరిగిన దాన్ని. 2020 డిసెంబర్ 10న రిలీజ్. రిలీజ్‌కి ముందు రివ్యూయర్లకి ఇచ్చింది పీసీ వెర్షన్. మామూలు పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లో గేమ్ ఎలా నడుస్తుందో కొనేవాళ్ళకి సరిగ్గా చూపించలేదు. కొన్న తర్వాత చూశారు. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌నే తీసేసింది, మళ్ళీ వచ్చింది 2021 జూన్‌లో. కంపెనీ విడుదల చేసిన క్షమాపణలో మొదటి పాయింటే బేస్ కన్సోల్స్ మీద గేమ్ చూపించకపోవడం గురించి. గేమ్ బాగాలేకపోవడం ఒక ఎత్తు, బాగాలేని చోటు చూపించకుండా డబ్బు తీసుకోవడం ఇంకో ఎత్తు. మన దగ్గర మూడు నాలుగు వేలు పెట్టి గేమ్ కొనేవాడు నెలల తరబడి దాచుకుని కొంటాడు.

నో మ్యాన్స్ స్కై కథ ఇంకో రకం. అక్కడ దాచింది స్క్రీన్ కాదు, జవాబు. ఇద్దరు ప్లేయర్లు కలుసుకోగలరా అని ఇంటర్వ్యూల్లో అడిగినప్పుడల్లా, యూనివర్స్ చాలా పెద్దది, ఛాన్స్ చాలా తక్కువ అన్న టైపులో మాటలు వచ్చాయి. 2016 ఆగస్ట్‌లో రిలీజైన మొదటి రోజుల్లోనే ఇద్దరు ప్లేయర్లు ఒకే గ్రహం మీద ఒకే చోటుకి వచ్చి నిలబడ్డారు, లైవ్ స్ట్రీమ్‌లో. ఒకరికొకరు కనిపించలేదు. "లేదు" అనే ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే సరిపోయేది. తర్వాత వాళ్ళు ఏళ్ళ తరబడి ఫ్రీ అప్‌డేట్స్ ఇచ్చి, 2018 జులైలో నెక్స్ట్ అప్‌డేట్‌తో ఫుల్ మల్టీప్లేయర్ పెట్టి పరువు నిలబెట్టుకున్నారు. కానీ ఆ ఓపిక, ఆ డబ్బు అందరికీ ఉండవు. ముగ్గురు ఉన్న టీమ్‌కి అస్సలు ఉండదు.

హేలో ఇన్ఫినిట్‌ని నేను మాత్రం వెనకేసుకొస్తాను. 2020 జులై 23న నిజంగా ఆడుతున్న గేమ్‌ప్లే చూపించారు. గ్రాఫిక్స్ ఫ్లాట్‌గా ఉన్నాయని ఇంటర్నెట్ మొత్తం ఆడుకుంది, ఎక్స్‌ప్రెషన్ లేని ఒక బ్రూట్ మొహానికి క్రెయిగ్ అని పేరు పెట్టి మీమ్స్ వేసింది. మూడు వారాలు కాకముందే గేమ్ వాయిదా వేశారు, 2021 డిసెంబర్‌లో రిలీజ్ చేశారు. ఆ రోజు వాళ్ళ పరువు పోయింది నిజమే. కానీ ఉన్నది ఉన్నట్టు చూపించారు కాబట్టే ఆ ఫీడ్‌బ్యాక్ గేమ్ అమ్మకముందే వచ్చింది. కట్‌సీన్ ట్రైలర్ వేసి తప్పించుకుని ఉంటే, అదే తిట్లు కొన్న తర్వాత పడేవి.

స్ట్రీమ్‌లో ఏ మెషీన్ మీద ఆడుతున్నారో మూలన ఒక లైన్ రాయడానికి ఏమీ ఖర్చు కాదు. కార్డ్ పేరు, రిజల్యూషన్, అప్‌స్కేలింగ్ ఆన్‌లో ఉందా లేదా. మన రీడర్స్ లాంటి వాళ్ళు మొదట వెతికేది అదే.

మళ్ళీ మా వాడి దగ్గరకి

ఫెస్ట్ ఇంకా నాలుగు రోజులు ఉంది. మొదటి స్ట్రీమ్ అయ్యాక మా వాడు ఫోన్ చేసి, "అయిపోయింది మామా, ఇక వద్దులే" అన్నాడు. చాట్ లాగ్ పంపించాను. జనం చివరిదాకా మాట్లాడింది తాడు గురించే, మెనూ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. రాత్రి కూర్చుని ఆరు సేవ్ ఫైల్స్ చేశాం, అన్నీ తాడు చేతిలో ఉన్న దగ్గర నుంచే. వాన లెవెల్ తీసేశాం, 720పీకి దిగాం, మూలన "జీటీఎక్స్ 1650 ల్యాప్‌టాప్" అని రాశాం. కంట్రోలర్ సపోర్ట్ ఉంది అని దాని కింద ఇంకో లైన్. వాడు ఆడాడు, వాళ్ళ టీమ్‌లో ఆర్ట్ చేసే అమ్మాయి మాట్లాడింది, నేను వాడి చెవిలో ఉన్నా.

ఇరవయ్యో నిమిషంలో తాడు గోడ లోంచి దూరిపోయింది. నా గుండె జారింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వేసి, "బగ్ దొరికింది, రాసుకుంటున్నా" అని నిజంగానే లిస్ట్‌లో టైప్ చేస్తూ చూపించింది. చాట్‌లో ఎవరో దాన్ని తీయొద్దు, సీక్రెట్ రూట్ చేయండి అన్నారు. తర్వాత పావుగంట చాట్ మొత్తం డెమోలో ఇంకెక్కడెక్కడ తాడు దూరుతుందో వెతికే పనిలో పడింది. ఆ రాత్రికి వాడి దగ్గర పదకొండు బగ్‌లు చేరాయి. పొద్దున్నే స్టాండప్ మీటింగ్ ఉందని తెలిసి కూడా మూడింటిదాకా కూర్చుని నాలుగు ఫిక్స్ చేశాడు. ఆ గోడని మాత్రం అలాగే వదిలేశాడు.